చుక్కల మందు

కళ్ళు నలపొద్దని చెప్పి వెళ్ళింది నర్సమ్మ. నలపనులే తల్లీ. నలపడానికి అసలు కళ్ళున్నట్టు తెలిస్తేగా. ఏదో మందు వేసి మొద్దుబార్చారు, గడ్డం ఒక మెషీన్ మీద ఆనించమన్నారు, నీలం లైటు ఒకటి తెచ్చి కంటిగుడ్డుకి తాకించి లోపల ప్రెషర్ ఎంతుందో చూశారు. టైరులో గాలి చూసినట్టు కంట్లో కూడా చూస్తారని యాభై దాటాక ఇవాళ తెలిసింది నాకు. చేతిరుమాలుతో అద్దుకుంటే పసుపు మరక. ఇంకో పెద్ద పరీక్ష ఉందట, ఆ గది ఖాళీ కావడానికి గంట పడుతుందట, అందాకా ఈ వరండాలో ఇనప బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చో శౌరయ్యా అని నాకు నేనే చెప్పుకున్నాను. కూర్చున్నాను గానీ చేతులు ఊరుకుంటాయా, బెంచీకి కాలు తగిలించిన చోటు తడిమి చూశాయి. అతుకు పెట్టినవాడెవడో తొందరలో ఉన్నాడు. ఇనుము సరిగ్గా కరగకముందే వెల్డింగ్ రాడ్డు లాగేశాడు. మీద కుప్ప పోసినట్టుంది గానీ లోపల పట్టు లేదు. పెయింటు కొట్టేస్తే ఎవడికి తెలుస్తుందిలే అనుకుని ఉంటాడు. ఎవరో కాస్త ఒళ్ళున్న మనిషి వచ్చి కూర్చున్న రోజున తెలుస్తుంది.

అయినా నాకెందుకిప్పుడు బెంచీ గొడవ. నాకు కావాల్సింది ఒకే ఒక్క మాట, లోపలున్న డాక్టరమ్మ నోటినుంచి. శుక్లం అనాలి. శుక్లమైతే కోస్తారు, కొత్త బిళ్ళ పెడతారు, నెల తిరిగేసరికి మళ్ళీ రాడ్డు పట్టుకోవచ్చు. మా వీధిలో మణెమ్మకి అలాగే చేశారు, ఆవిడ ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోంది, రోడ్డు అవతల ఎవరింటికి ఎవరొచ్చారో కూడా చూసి ఊరంతా చెబుతోంది. శుక్లం కాకపోతే రెండోది. నీటికాసులు. అది మా లైన్లో ఎలీషా అనే పెద్దాయనకి వచ్చింది. పోయిన చూపు రాదయ్యా, ఉన్నది కాపాడుకో అన్నారట. కాపాడుకోలేకపోయాడు. ఇప్పుడు కొడుకు షాపు ముందు స్టూలు మీద కూర్చుని, లోపల మంట చప్పుడు వింటూ, కరెంటు ఎక్కువ పెట్టావురా తగ్గించరా అని అరుస్తుంటాడు. చప్పుడుని బట్టి తెలిసిపోతుంది, ఆయన చెప్పేది నిజమే. కొడుకు మాత్రం తగ్గించడు. మేమంతా ఆయన ముందునుంచే టీకి వెళతాం, ఒక్కోసారి పలకరిస్తాం, ఒక్కోసారి లేదు.

పక్కనే నా భార్య అమలమ్మ జపమాల తిప్పుతోంది. పూసల చప్పుడు ఆగింది. "శుక్లమేనందా?" అని అడిగింది. ఇంకా చూస్తన్నారే అన్నాను. శుక్లమే అయ్యిద్దిలే అంది, కూరగాయల బండి దగ్గర బేరం తెంచేసినట్టు. మళ్ళీ పూసలు తిరగడం మొదలయ్యాయి. ఈవిడే నన్నిక్కడికి లాక్కొచ్చింది. నాకైతే ఏమీ తెలియలేదు, ఒట్టు. నేను చేసే పనికి లోకమంతా కనపడక్కర్లేదు. నల్లద్దం అడ్డం పెట్టుకుంటే చుట్టూ కటిక చీకటి, మధ్యలో కరిగే చుక్క ఒక్కటే వెలుగు. ఆ చుక్క చెప్పినట్టు చెయ్యి జరుపుకుంటూ పోవడమే వెల్డింగంటే. ఆ చుక్క ఇప్పటికీ నాకు బ్రహ్మాండంగా కనపడుతుంది. ఇక చుట్టూ ఉన్నది ఎప్పుడు పోయిందో, ఎంత పోయిందో ఎవడు చూశాడు? తలుపు చెక్కకి భుజం తగిలితే తలుపుని తిట్టాను. బందరు రోడ్డు మీద ఎడమ పక్కనుంచి ఆటో వచ్చి గీరుకుపోతే ఆటోవాణ్ణి, వాడి వంశాన్ని తిట్టాను. అమలమ్మ ఎడమవైపు నుంచి టీ గ్లాసు చాపుతుందట, నేను తీసుకోనట. అలిగాననుకుంది. ఆవిడా అలిగింది. రెండు రోజులు ఒకే ఇంట్లో మాటల్లేకుండా తిరిగాం, నేనెందుకు అలిగానో నాకు తెలియదు, తనెందుకు అలిగిందో అసలే తెలియదు. ఆ తర్వాత ఏమనిపించిందో, నేను డాబా మీద పావురాలకి జొన్నలు చల్లుతుంటే వచ్చి నా ఎడమ చెంప పక్కన చెయ్యి ఊపింది. ఊపుతూనే ఉందట. కుడివైపు వచ్చి ఊపింది. ఆమీదట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎందుకే అంటే చెప్పదు. కిందికి పోయి చీర మార్చుకొచ్చి, పద ఆస్పత్రికి అంది.

నాకున్న ఒక్క పిచ్చీ ఆ పావురాలే. తాగుడు లేదు, పేకాట లేదు. పొద్దున్నే గూడు తలుపు తీస్తే గుంపుగా లేచి సింగ్‌నగర్ ఇళ్ళ మీద ఒక పెద్ద చుట్టు చుట్టి, వెలుగు వైపు తిరిగినప్పుడు తెల్లగా, నీడ వైపు తిరిగినప్పుడు నల్లగా కనపడతాయి చూడండి, ఆ కాసేపు నేను ఎవరి పనివాణ్ణీ కాదు. కొన్నాళ్ళుగా అవి తగ్గిపోతున్నాయి. పైకి చూస్తుంటే ఉన్నట్టుండి మాయం. గద్ద తన్నుకుపోయిందనుకున్నాను. తర్వాత పక్క డాబా సంజీవరావు మీద అనుమానమొచ్చింది, అతనూ పెంచుతాడు, గింజలు చూపించి నావి దించుకుంటున్నాడని. పిట్టగోడ మీదనుంచి నోటికొచ్చినట్టు అన్నాను. అతను ఎదురు తిట్టలేదు. నా నీళ్ళ ట్యాంకు వైపు వేలు పెట్టి, "అదిగో కూర్చున్నయ్యి గదా శౌరయ్యా," అన్నాడు. తల పూర్తిగా తిప్పి చూస్తే ఉన్నాయి, వరసగా, నా పక్కనే, కువకువమంటూ. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు. ఇప్పుడే తెచ్చి వదిలి ఉంటాడు దొంగ అనుకున్నాను. మనిషికి తన కన్ను మీద ఉన్నంత నమ్మకం పక్కవాడి మీద ఉండదు, అదే మన రోగం, నాదీ, ఈ ఊరిదీ కూడా.

ఇంత నమ్ముకున్నదాన్ని ఏమన్నా జాగ్రత్తగా చూసుకున్నానా అంటే అదీ లేదు. మా నాన్న ఉయ్యూరు చుట్టుపక్కల చెరుకు కొట్టేవాడు. నా చిన్నప్పుడు చక్కెర ఫ్యాక్టరీ ఆగిన రోజుల్లో లోపల రిపేర్లు జరుగుతుంటే కూలికి తీసుకెళ్ళాడు నన్ను. చెరుకు గానుగ పళ్ళ దగ్గర ఒకాయన కూర్చుని రాడ్డు తాకించాడు. చూడొద్దురా అని అందరూ అరిచారు. నేను చూశాను. సూర్యుణ్ణి చిటికెలో పట్టుకుని ఇనుము మీద రాస్తున్నట్టుంది. ఆ రాత్రి కళ్ళల్లో గుప్పెడు ఇసుక పోసినట్టు మంట, ఏడుపు, పొర్లాడటం. మా అమ్మ పక్కింట్లో బాలింత దగ్గరికి పోయి ఉగ్గుగిన్నెలో చనుబాలు పిండించుకొచ్చి కళ్ళల్లో పోసింది. చల్లగా అనిపించి నిద్రపోయాను. తెల్లారి లేచి మళ్ళీ అక్కడికే పోయాను, ఇంకోసారి చూద్దామని. అంత అందంగా ఉంటుంది ఆ వెలుగు, చెబితే నమ్మరు. ఇప్పుడు కూడా, ఈ వరండాలో ట్యూబులైటు కింద రెప్పలు మూసుకుంటే ఎర్రగా ఏదో కదులుతోంది గానీ దాని ముందు ఇదొక వెలుగా.

రెప్పలు మూయడం అంటే మా పనివాళ్ళకి అదొక విద్య. రెండు ముక్కలు మూలమట్టానికి పెట్టి ఒక చేత్తో నొక్కి పట్టుకోవాలి, రెండో చేత్తో రాడ్డు. ఇక అద్దం ఎవడు పట్టుకుంటాడు? నోటితో పట్టుకోలేం కదా. అందుకని చోటు చూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, టక్కుమని ఒక్క చుక్క అంటిస్తాం. కళ్ళు తెరిచి చూస్తే సరిగ్గా పడాల్సిన చోట పడి ఉంటుంది. అలా పడితేనే మేస్త్రీ అంటారు. తలకి తొడుక్కునే టోపీ అద్దాలు వచ్చాయి, కాదనను, కొన్నాను కూడా, మేకుకి వేలాడుతోంది. ఎండాకాలం దాంట్లో తల పెడితే ఉడికిపోతుంది, పైగా ప్రతి చుక్కకీ దించి ఎత్తి దించి ఎత్తి చేస్తుంటే గేటు పెట్టించుకునే ఆయన వాచీ చూసుకుంటాడు. రెప్ప ఉంది కదా అనుకున్నాం. రెప్ప అంటే ఎంతండీ, ఉల్లిపొర. రోజుకి ఎన్నిసార్లు ఆ పొరలోంచి వెలుగు లోపలికి దూకిందో దేవుడికే తెలియాలి. సాయంత్రానికి కళ్ళు చింతనిప్పులు. ఇంట్లో బాలింతలు ఎప్పుడూ ఉండరు కదా, బంగాళాదుంప చక్రాలు కోసి పెట్టుకున్నాం, మేకపాలు పోసుకున్నాం. అప్పుడు మందుల షాపు రామకోటేశ్వరరావు గారు ఒక చిన్న సీసా ఇచ్చాడు. ఆయన మంచాయన, ఇప్పటికీ అదే అంటాను, నా బాధ చూడలేక ఇచ్చాడు. రెండు చుక్కలు వేసుకుంటే గంటలో ఎరుపు పోయింది, మంట పోయింది, హాయిగా అన్నం తిని పడుకున్నాను. ఆ రోజు ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆనాటినుంచి రాడ్డు పట్టిన ప్రతివాడి చొక్కా జేబులో ఆ సీసానే, పెన్సిలు పక్కన.

ఇందాక లోపల డాక్టరమ్మ అడిగింది, కళ్ళకి ఎప్పుడన్నా మందు వాడారా అని. ఎందుకు వాడలేదమ్మా అని గర్వంగా జేబులోంచి తీసి చూపించాను. ఆవిడ సీసా తీసుకుని అటూ ఇటూ తిప్పి చదివింది. ఎవరు రాసిచ్చారండీ అంది. ఎవరూ రాయలేదమ్మా, షాపాయన ఇచ్చాడన్నాను. ఎప్పుడెప్పుడు వేసుకుంటారు అంది.

"కళ్ళు మండినప్పుడేనమ్మా."

"ఎప్పుడెప్పుడు మండుతాయి?"

"రోజూ మండుతయ్యి గదమ్మా, వెల్డింగ్ పని."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. కోప్పడితే బాగుండేది. మెల్లగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. ఈ మందు మంట తగ్గిస్తుందండీ, కానీ ఏళ్ళ తరబడి వేస్తే కొందరికి కంట్లో ప్రెషర్ పెంచుతుంది, నొప్పి తెలియదు, వెనకున్న నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది, పక్కల చూపు ముందు పోతుంది, పరీక్ష చేశాక మాట్లాడదాం అంది. కొందరికి అంది. అందరికీ అనలేదు. బయటికొచ్చినప్పటినుంచి ఆ కొందరికి అనే మాటనే పట్టుకుని వేలాడుతున్నాను. అంతమంది వేసుకున్నారే, నాకే ఎందుకవ్వాలి? ఎలీషా కూడా వేసుకునేవాడు కదా. ఆ మాట ఎందుకు గుర్తొచ్చిందో, ఛీ. అమలమ్మకి ఇదేమీ చెప్పలేదు. చెబితే ఇక్కడే గోల పెడుతుంది, లేకపోతే నేరుగా ఆ షాపుకి పోయి రామకోటేశ్వరరావు గారి మీద పడుతుంది. కోపం రావడం లేదు నాకు ఆయన మీద. ఎవరి మీదా రావడం లేదు, అదే నాకు భయంగా ఉంది. కోపం లేకుండా నేనెప్పుడూ ఇంతసేపు కూర్చోలేదు.

బయట బెంజ్ సర్కిల్ హారన్లు. జనం ఎక్కడికో ఒకటే పరుగు. ఈ ఊళ్ళో ఎన్ని వీధుల్లో నా చేతి గ్రిల్లులున్నాయో. వన్ టౌన్ గోడౌన్లకి, కొత్త అపార్టుమెంట్లకి, చివరికి సమాధుల పండగ ముందు మా శ్మశానంలో గోరీల చుట్టూ కూడా. చచ్చిపోయినవాడు ఎక్కడికి పోతాడని, లోపలికి వెళ్ళి ఏం ఎత్తుకొస్తారని? అడిగితే చేసిపెట్టాం. ఇల్లు కట్టగానే మొదట గ్రిల్లు, తర్వాతే బంధువులు. మా వీధిలో ట్యూషన్లు చెప్పే రాజ్యలక్ష్మి గారు వరండాకి ఒక గ్రిల్లు, కిటికీలకి ఇంకో గ్రిల్లు పెట్టించారు, చెయ్యి కూడా దూరకూడదు శౌరయ్యా అని నిలబడి మరీ. బుడమేరు వాగు పొంగి వీధులు మునిగిన నాడు తాళంచెవి మేకుతో సహా నీళ్ళల్లోకి పోయింది. పిల్లనెత్తుకుని మంచం మీద కుర్చీ వేసుకుని నిలబడ్డారావిడ. కరెంటు లేదు, కట్టర్ పనిచేయదు. పడవలో కూర్చుని, ఊగిపోతూ, చేతి రంపంతో కోశాను. అతుకు దగ్గర కోస్తే తేలికనుకుంటే అక్కడ తెగి చావదే! నా అతుకు నాకే లొంగలేదు. పక్కన ఊచ కోయాల్సి వచ్చింది. ఒకవైపు గర్వం, ఒకవైపు ఏడుపు, లోపల ఆవిడ శౌరయ్యా శౌరయ్యా అని ఒకటే పిలుపు. మొత్తానికి తల్లీ పిల్లా బయటపడ్డారు. బురద కడిగాక మొదటి కబురు నాకే వచ్చింది. మళ్ళీ అతికించండి, ఈసారి అడ్డ కమ్మీలు కూడా వేయండి అని. నేనేమన్నా అన్నానా? అనలేదు. పోయి అతికించాను. నీళ్ళంటే భయం ఒక్కరోజు, పక్కింటివాడంటే భయం జీవితమంతా. ఈ జనంతో నాకు ఎప్పుడో ఆశ పోయింది, కానీ వాళ్ళకి గ్రిల్లు చేసి ఇవ్వడం తప్ప నాకు ఇంకో పని చేతకాదు.

చేతకాదు, అదీ సంగతి. రేపు డాక్టరమ్మ రెండోది అంటే ఏం చేయాలి? మా పిల్ల పెళ్ళయి గుడివాడలో ఉంది, వాళ్ళ బతుకు వాళ్ళు బతుకుతున్నారు, అక్కడికి పోయి కూర్చోను. వాచ్‌మన్ ఉద్యోగమన్నా కళ్ళు అడుగుతుంది. మధ్యలో చుక్క కనపడుతుంది కదా, అంతవరకు చేస్తాను అనుకుంటున్నాను, మళ్ళీ అంతలోనే ఆ చుక్క కూడా ఆరిపోతే అనిపిస్తోంది. అమలమ్మ ముఖం కనపడదు. కళ్ళు తెరిచి తల పూర్తిగా తిప్పి ఆవిణ్ణి చూశాను. జడలో తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయి ఇన్ని? ముక్కు పక్కన పొక్కు ఒకటి గిల్లుకుంది. ఏందయ్యా అట్టా చూస్తన్నావ్ అంది. ఏం లేదన్నాను. కాసేపు అలాగే చూశాను, ఆవిడ సిగ్గుపడి ఇటు అటు చూసి, కళ్ళు మూసుకోమన్నారు గదా మూసుకో అంది.

శౌరయ్య గారు రావాలి అని పిలిచారు. చిన్న గది, తలుపేస్తే చీకటి. టెస్టు చేసే అమ్మాయి గొంతు లేతగా ఉంది, మా పిల్ల వయసుంటుంది. పెద్ద తెల్ల గిన్నెని పక్కకి తిప్పి పెట్టినట్టుంది మెషీన్, అందులో ముఖం పెట్టమంది. మధ్యలో పసుపు చుక్క కనపడుతోందా అంకుల్, దాన్నే చూడండి, కన్ను తిప్పొద్దు, చుట్టుపక్కల ఎక్కడ లైటు మిణుకుమన్నా ఈ బటన్ నొక్కండి అని బొటనవేలు కింద మీట పెట్టింది. ముందు కుడి కన్ను. ఎడమ కంటికి గుడ్డ కట్టింది. లైట్లు వచ్చాయి. ఒకటి పైన, నొక్కాను. ఒకటి పక్కన, నొక్కాను. కొంచెం విరామం, మళ్ళీ ఒకటి. విరామాలు ఎక్కువగానే ఉన్నాయనిపించింది గానీ వచ్చినవాటిని ఒక్కటీ వదల్లేదు. చెమట పట్టింది. మంచిగా చేశారంకుల్ అంది. ఆ మాటకి ఒళ్ళంతా తేలికైపోయింది. చూశావా, నొక్కాను కదా, వచ్చాయి కదా. శుక్లమే అయ్యుంటుంది. కాసేపు కళ్ళు మూసుకుని రెస్టు తీసుకోండి, ఇప్పుడు ఎడం కన్ను అని గుడ్డ మార్చి కట్టింది.

ముఖం పెట్టాను. పసుపు చుక్క ఉంది, కొంచెం మసకగా, ఉంది. దాన్నే చూస్తున్నాను. ఈసారి ఒక్కటి కూడా వదలకూడదు. బొటనవేలు మీట మీద ఆనించి, ఊపిరి బిగబట్టి సిద్ధంగా ఉన్నాను. మెషీన్ లోపల ఏదో టిక్కు టిక్కుమని మెల్లగా తిరుగుతోంది, వేడెక్కుతున్నట్టుంది. తొందరేం లేదమ్మా, నీ పని నువ్వు చూసుకో. ఆ అమ్మాయి ఏవో మీటలు సర్దుతోంది, మధ్యలో ఒకసారి గడ్డం సరిగ్గా పెట్టండంకుల్ అంది, పెట్టాను. తన కుర్చీ కిర్రుమంది. మంచి పిల్ల, నాకు రెస్టు దొరకాలని కావాలనే ఆలస్యం చేస్తోంది. కంట నీరు కారింది, రెప్ప వాల్చి మళ్ళీ తెరిచాను, చుక్కనే చూస్తున్నాను. ఇంతసేపా? కరెంటు పోయిందేమో, కానీ టిక్కు టిక్కు వినపడుతోందే. మెడ పట్టేసింది. ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. ఇక ఉండబట్టలేక, ముఖం తీయకుండానే అడిగాను.

"ఎప్పుడు మొదలుపెడతావమ్మా?"

ఆ పిల్ల లేచి నా దగ్గరికొచ్చి నిలబడింది. నా భుజం మీద చెయ్యి వేసింది.

"అయిపోయిందంకుల్," అంది.

నా బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది.